పెళ్ళికార్డులో మేనమామ పేరు

కరోనా ఆంక్షలన్నీ ఎత్తేశాక వచ్చిన మొదటి పెళ్ళిళ్ళ సీజను అది. రెండేళ్ళుగా వాయిదా పడిన ముహూర్తాలన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. హోసూరు బస్టాండుకు కాస్త దూరంలో ఉన్న మా ప్రింటింగ్ ప్రెస్సులో కాలు పెట్టడానికి చోటు లేదు. ఎటు చూసినా శివకాశి నుంచి వచ్చిన ఖాళీ కార్డుల అట్టపెట్టెలే. కార్డు మీద వినాయకుడి బొమ్మ, బంగారు రంగు అంచులు శివకాశిలోనే పడతాయి. లోపల పేర్లు, ముహూర్తం అచ్చువేయడం మా పని.

ఈ ప్రెస్సు మా మామగారు పెట్టింది. నేను కోడలిగా వచ్చేనాటికి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చేవాళ్ళు. తరువాత డీటీపీ వచ్చింది, అంటే కంప్యూటరు మీద అక్షరాలు కూర్చడం. మా ఆయనకు మెషీనంటే ప్రాణం, కంప్యూటరంటే భయం. కాబట్టి అది నేను నేర్చుకోవలసి వచ్చింది. ఇప్పటికీ ఆయన మౌసును ఎలుకను చూసినట్టే చూస్తారు. ఊళ్ళో అందరికీ నేను ప్రెస్సక్కను. నా అసలు పేరు జయమ్మ అని పాత ఖాతాదారుల్లో ఒకరిద్దరికి తప్ప, కూరగాయల అంగడిలో కూడా ఎవరికీ తెలియదు.

మా ఊరి సంగతి ఒకటి చెబితే గాని ఈ కథ అర్థం కాదు. మా ప్రాంతంలో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు లెక్కలేనన్ని. కానీ బడిలో చదివేది తమిళం, ఇంగ్లీషు. తెలుగులో పోట్లాడతారు, తెలుగులో ఏడుస్తారు, తెలుగు అక్షరం కనిపిస్తే మాత్రం ముగ్గును చూసినట్టు చూస్తారు. అయినా పెళ్ళికార్డులో ఒక పక్క తెలుగు ఉండాల్సిందే. అది లేకపోతే పరువు తక్కువ. నా దగ్గర పనిచేసే శాంతి తమిళం గాలిలా టైపు చేస్తుంది. తెలుగు చదవడం, రాయడం ఆమెకు రాదు, కాబట్టి తెలుగు పక్క ఎప్పుడూ నాదే.

అందుకే మాకొక అలవాటు ఉంది. ఒక ఇంటి తెలుగు కార్డు ఒకసారి కూర్చితే ఆ ఫైలు పారేయం. ఎన్నేళ్ళ తరువాతైనా ఆ ఇంట్లో ఇంకో శుభకార్యం వస్తే పాత ఫైలు తెరిచి, పైన పేర్లు, తేదీ మార్చి, కింద బంధువుల జాబితాను అలాగే దించేస్తాం. సగం పని తగ్గుతుంది. ఈ అలవాటే నన్ను ముంచింది.

కృష్ణగిరిలో ఫైనాన్స్ గోపాలప్ప అంటే తెలియనివాళ్ళు ఉండరు. అసలు పేరు ఇది కాదు, ఈ కథనంలో మనుషుల పేర్లన్నీ మార్చాను. లారీలకు, బోరు బండ్లకు, గ్రానైటు కోసే మెషీన్లకు అప్పులిచ్చే పెద్ద మనిషి. తెల్ల చొక్కా మీద ముడత కనిపించదు. మా ప్రెస్సుకు పాత ఖాతాదారు, ఆయన ఇంటి శుభకార్యాలకు అచ్చంతా మాదే.

ఆయనకు ఒక బావమరిది ఉన్నాడు. భార్య లలితమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, మునిరాజు. ఉద్దనపల్లి దగ్గర రైతు కుటుంబం. చదువుకోవడానికి దూరం పోయినవాడు ఒక ముఠాలో చేరాడు. ఆ ముఠా పక్క రాష్ట్రంలో ఒక బస్సులో బాంబు పెట్టింది. అది ఏ ఊరో ఇక్కడ రాయను, ఆ బస్సులో పోయినవాళ్ళ ఇళ్ళలో ఇంకా దీపాలు పెడుతుంటారు. బాంబు పెట్టింది మునిరాజేనని కోర్టులో రుజువైంది, యావజ్జీవ శిక్ష పడింది. కొన్నాళ్ళపాటు అతని ఫోటో రాని పేపరు లేదు. టీ అంగళ్ళలో అతని పేరు చెబితే జనం గొంతు తగ్గించేవాళ్ళు.

ఆ రోజుల్లో పోలీసులు మా ప్రెస్సుకు కూడా వచ్చారు. గోపాలప్ప కూతురు కీర్తనకు చెవులు కుట్టించినప్పుడు మేము అచ్చువేసిన ఆహ్వాన పత్రిక అడిగి పట్టుకుపోయారు. ఎందుకంటే బంధువుల జాబితా అంత పక్కాగా ఇంకెక్కడా దొరకదట! పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెవులు కుట్టించవలసింది మేనమామే కాబట్టి ఆ పత్రికలో అతని పేరు అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉంది.

ఆ కీర్తనకే పెళ్ళి కుదిరింది. వరుడి తండ్రి శేషాచలం మాస్టారు, కుప్పంలో తెలుగు పంతులుగా రిటైరైన మనిషి. గోపాలప్ప సంతోషంతో ఊగిపోతూ వచ్చి తమిళంలో రాసిన కాగితం శాంతికి ఇచ్చాడు.

"తెలుగు పక్క నువ్వే చూసుకో అక్కా. మావాళ్ళ పేర్లన్నీ నీ దగ్గర ఉండాయి కదా. సంబంధి తెలుగు అయ్యోరు, బాగా రావాల."

నేను అలవాటు కొద్దీ పాత ఫైలు తెరిచాను. ఏది తెరిచానో మీరు ఊహించే ఉంటారు. కీర్తన చెవులు కుట్టిన పత్రికే. పైభాగం మార్చాను, కింద బంధువుల జాబితా అలాగే దించాను. ఆ రోజు నా టేబులు మీద పదకొండు కార్డులున్నాయి. కళ్ళు అక్షరాల మీద ఉన్నాయి గాని బుర్ర వాటిలో లేదు. ప్రూఫు, అంటే అచ్చుకు ముందు సరిచూడడానికి ఇచ్చే కాగితం, గోపాలప్పకు ఇచ్చాను. ఆయన తమిళం పక్క అక్షరం అక్షరం చదివాడు. తెలుగు పక్క తిప్పి, "చూసేదానికి అందంగా ఉండాదక్కా" అని సంతకం పెట్టాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా సంతకం తీసుకున్నాను.

కార్డులు తీసుకుపోయాక వాళ్ళ ఆచారం ప్రకారం మొదటిది దేవుడి ముందు పెట్టారు. రెండోది ఉద్దనపల్లిలో ఉన్న లలితమ్మ తల్లి యల్లమ్మవ్వకు పంపారు. మూడోది తాంబూలంతో పాటు కుప్పం చేర్చారు. మిగతావి ఇంకా పంచలేదు.

రెండో రోజు ఉదయం గోపాలప్ప ప్రెస్సులోకి వచ్చిన తీరు చూసి మా ఆయన మెషీను ఆపేశారు. ఆ మనిషి ముఖంలో నెత్తురు లేదు.

"ఏమి అచ్చేసినావక్కా? నా బిడ్డ పెండ్లి నిలిపేసినావే!"

మాస్టారు ఫోను చేశారట. కార్డు చాలా బాగుంది, అన్నారట. ఒకటే పొరపాటు ఉంది, పెళ్ళికూతురి మేనమామ పోయారని మీరు చెప్పారు, కార్డులో మాత్రం చి. మునిరాజు అని పడింది, ఆ 'చి.' తీసి 'కీ.శే.' అని మార్పించండి, లేకపోతే బాగుండదు, అన్నారట.

కార్డుల సంగతి తెలియనివాళ్ళకు చెబుతాను. పేరుకు ముందు చిన్నవాళ్ళకు 'చి.' వేస్తాం, పెద్దలకు 'శ్రీ' వేస్తాం, కాలం చేసినవాళ్ళకు 'కీ.శే.' వేస్తాం. చెవులు కుట్టేనాటికి మునిరాజుకు పెళ్ళి కాలేదు, కుర్రవాడు. ఆ 'చి.' అలాగే దిగిపోయింది. అంతకన్నా పెద్ద సంగతి నాకు అప్పుడే తెలిసింది. మునిరాజు చనిపోయాడని గోపాలప్ప వియ్యంకుడికి అబద్ధం చెప్పాడు.

"ఎవరు చెప్తారక్కా? పిల్లనిచ్చేటప్పుడు, మా బావమరిది బాంబు పెట్టి జైల్లో ఉండాడని ఎవరు చెప్తారు? చచ్చినాడని చెప్పేస్తిమి. ఎవురూ అడగలేదు. ఇప్పుడు నువ్వొచ్చి బతికించినావు."

తప్పు ముమ్మాటికీ నాదే. "పేరే తీసేసి మళ్ళీ అచ్చువేస్తానన్నా, నా ఖర్చే" అన్నాను.

"పేరు తీస్తే ఏల తీసినారు అంటాడాయన. చూసేసినాడు కదా. ఆయన చెప్పినట్టే కీ.శే. వెయ్యి. సరిపోతుంది. ఎవరన్నా అడిగితే ప్రెస్సులో తప్పు అని నువ్వు చెప్పాల."

వేశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా వేశాను. ఒక అక్షరం తీసి రెండు అక్షరాలు పెట్టడం, అంతే కదా అనుకున్నాను. పైగా మునిరాజు చేసిన పనికి అతని మీద నాకు జాలి ఏమీ లేదు. ప్రూఫు తీసి బల్ల మీద ఆరబెట్టాను. గోపాలప్ప కుర్చీలో వెనక్కి వాలి అప్పుడే కాఫీ అడిగాడు.

కాఫీ వచ్చేలోపు యల్లమ్మవ్వ వచ్చింది. ఉద్దనపల్లి నుంచి బస్సులో వచ్చింది, చేతిలో అనపకాయల సంచి, చంకలో కార్డు. ఎనభై దగ్గర పడుతున్న మనిషి. ఆమె చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో తెలుగు బడి ఉండేది, అయిదు దాకా చదివింది. ఆ ఇళ్ళలో ఇప్పుడు తెలుగు చదవగలిగింది ఆమె ఒక్కతే. ఆ సంగతి మాకెవరికీ గుర్తు రాలేదు, చూడండి.

"జయమ్మా, వాని పేరు ఎవరమ్మా ఇందులో వేసింది?" అని అడుగుతూ ఆమె చూపు బల్ల మీది ప్రూఫు మీద పడింది. కళ్ళద్దాలు సర్దుకుని వేలు కింద పెట్టి చదివింది. చదివి అక్కడే నిలబడిపోయింది.

"కీర్తిశేషులా?" అంది మెల్లగా. అల్లుడి వైపు తిరిగింది. "పట్టుకొని పోయినారు, శిక్ష వేసినారు. అది కోర్టు వేసింది. నువ్వు యాల చంపతా ఉండావప్పా, అచ్చులో?"

గోపాలప్ప లేచి నిలబడ్డాడు. ఎంత మందిని నిలబెట్టి మాట్లాడే మనిషో, అత్త ముందు చేతులు కట్టుకున్నాడు.

"అత్తా, పాప పెండ్లి. ఆ అయ్యోరికి నిజం తెలిస్తే నిలిచిపోతుంది. నాకు వేరే దోవ లేదు."

"పేరు తియ్యి. నేను వద్దంటినా? ఆ పేరు పెండ్లికార్డులో ఉండనే కూడదు. ఆ బస్సులో పోయినోళ్ళ ఇండ్లల్లో పెండ్లీడు పిల్లోళ్ళు లేకుండ్రినా? వాళ్ళకు కార్డు ఎవరు అచ్చేసినారు?" ఆమె ఊపిరి తీసుకుంది. "కానీ చచ్చినాడని మాత్రం వద్దు. వాడు ఉండాడు. చేసినదాన్ని మోస్తా ఆడ ఉండాడు. చచ్చినాడంటే దాన్నుంచి వాణ్ణి మనమే ఇడిపించినట్టు అయితుంది."

మెషీను దగ్గర నిలబడ్డ మా ఆయన తల వంచుకున్నారు. శాంతికి తెలుగు చదవడం రాదు గాని వినడం బాగానే వచ్చు, ఆమె కళ్ళు తుడుచుకుంది. నాకు ముందు సిగ్గేసింది, తరువాత ఏడుపొచ్చింది. నేను చేసింది రెండు అక్షరాల మార్పు కాదు, ఒక తల్లి ముందు ఆమె బిడ్డ చావు వార్త టైపు చేసి ఆరబెట్టాను.

"పెండ్లి నిలిచిపోతే?" అన్నాడు గోపాలప్ప. గొంతు పిల్లవాడిలా అయిపోయింది.

"నిలిచిపోతే పాపకు నేను చెప్తాను, నీ పెండ్లి నిలిపింది ఈ అవ్వే అని. నిన్నెవరూ అనరు. కారు తియ్యి, కుప్పం పోదాము. జయమ్మా, నువ్వు కూడా రా. తప్పు నీది కూడా ఉంది కదా."

కాదనే ముఖం నాకు లేదు. ముగ్గురం బయలుదేరాం. షూలగిరి దాటాక మామిడి తోటలన్నీ పూత మీద ఉన్నాయి, అద్దం దించితే వాసన లోపలికి వస్తోంది. గోపాలప్ప కారు నడుపుతున్నాడు. ఎంతో మంది చేత ఎన్నో పత్రాల మీద సంతకాలు పెట్టించుకున్న మనిషి, తాను చదవకుండా సంతకం పెట్టిన ఒక్క కాగితం దగ్గర దొరికిపోయాడు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆ కాగితం ఇచ్చింది నేనే కాబట్టి మింగేశాను.

మాస్టారి ఇల్లు చిన్నది, శుభ్రంగా ఉంది. ముందు గదిలో మేజా మీద మా కార్డు ఉంది. దాని నిండా ఎర్ర సిరా. అలవాటు ఎక్కడికి పోతుంది, మాస్టారు ఇంకో రెండు అచ్చుతప్పులు కూడా పట్టుకున్నారు. ఆయన భార్య అనసూయమ్మ చాపలు వేసి, "సంబంధిగారు చెప్పకుండా వచ్చినారే, మంచిదే" అని నవ్వుతూ కాఫీ పెట్టడానికి లోపలికి పోబోయింది.

"కాఫీ వద్దమ్మా, కూర్చోండి" అన్నాడు గోపాలప్ప. అవ్వ నోరు తెరవబోతే చేత్తో ఆపాడు. ఆ పని ఆయన చేస్తాడని నేను అనుకోలేదు. "సార్, మా బావమరిది చావలేదు. జైల్లో ఉండాడు." బస్సు బాంబు కేసు పేరు చెప్పాడు. "మీకు అబద్ధం చెప్పినాను. ఈ అక్క ప్రెస్సులో పడిన పేరు తప్పు. కానీ అది చెప్పిన సంగతి నిజము."

అనసూయమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. మాస్టారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు.

"బతికున్న మనిషికి కీర్తిశేషుడని వెయ్యమని నా నోటితో చెప్పించారు కదయ్యా" అన్నారు చివరికి. "నలభై ఏళ్ళు పిల్లలకు అబద్ధమాడొద్దని చెప్పాను. నా కొడుకు పెళ్ళికార్డులో నా చేతనే అబద్ధం దిద్దించారు. అమ్మాయికి తెలుసా?"

"తెలుసు సార్. చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టించుకొంటిని."

"మావాడికి?"

"తెలీదు."

మాస్టారు అవ్వ వైపు తిరిగారు. "మీరు ఆయన్ని చూడడానికి పోతారా అమ్మా?"

"ఏడాదికి ఒకతూరి పోతాను సామీ. వీళ్ళెవరూ రారు, నేను రమ్మనను."

"ఎందుకు పోతారు?"

"అడిగేదానికి పోతాను. ఏల చేసినావురా అని అడుగుతాను. ఇన్నేండ్లకు ఒక తూరి కూడా జవాబు చెప్పలేదు. తల వంచుకొని కూకుంటాడు. మళ్ళా వచ్చే ఏడు పోతాను."

అనసూయమ్మ లోపలి నుంచి వచ్చి అవ్వకు ఒక్క గ్లాసు నీళ్ళు ఇచ్చింది. మాకివ్వలేదు. "మాకు రెండు రోజులు కావాలి" అన్నారు మాస్టారు. గోపాలప్ప లేచి దండం పెట్టాడు.

ఆ రెండు రోజులు నేను ఏ కార్డు కూర్చినా మూడుసార్లు చదివాను. చదివిందే చదువుతుంటే శాంతి నన్ను చూసి ముసిముసిగా నవ్వేది. ఊరికే కీర్తన గుర్తొచ్చేది. ఆ పిల్ల చేసిన తప్పేముంది? ఒళ్ళో కూర్చున్నప్పుడు ఆ ఒడి ఎలాంటివాడిదో పసిదానికేం తెలుసు? పెళ్ళి ఆగితే మళ్ళీ ఏ సంబంధం వచ్చినా ఇదే కథ మొదటి నుంచి నడవాలి. గోపాలప్ప ఫోను చేయలేదు, నేనూ చేయలేదు.

మూడో రోజు ఉదయం తొమ్మిదికి ప్రెస్సు ఫోను మోగింది. కార్డు అడుగున చిన్న అక్షరాలతో మేము మా నెంబరు వేసుకుంటాం. కొత్త గిరాకీ అనుకుని ఎత్తాను.

"ప్రెస్సమ్మా, శేషాచలాన్ని. కాగితం, పెన్ను తీసుకో. మూడో వరుసలో 'ఆశీర్వదించ' దగ్గర ఒత్తు పోయింది. కల్యాణ మండపం పేరులో..."

"సార్" అని అడ్డం వచ్చాను. "ముందు పెళ్ళి సంగతి చెప్పండి సార్."

"అదే కదమ్మా చెబుతున్నాను. పెళ్ళి లేకపోతే అచ్చుతప్పులు నాకెందుకు?"

నేను కుర్చీలో కూలబడ్డాను. మా ఆయన కంగారుగా పరుగెత్తుకొచ్చారు. చేత్తో ఆగమన్నాను, కళ్ళ వెంట నీళ్ళు, ముఖం నిండా నవ్వు, ఆయనకు ఏమీ అర్థం కాలేదు.

మాస్టారు చెప్పుకుపోతున్నారు. కొడుకుతో కూర్చుని అంతా చెప్పారట. అతను, "నేను ఆయన్ని చేసుకోవడం లేదు కదా నాన్నా" అన్నాడట. అనసూయమ్మకు మాత్రం అబద్ధం మింగుడుపడలేదు. ఆమెను ఒప్పించింది కొడుకు కాదు, మాస్టారూ కాదు. ఏడాదికొకసారి ప్రశ్న అడగడానికి పోయే ఆ ముసలామె మాట ఆమెను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదట. అలాంటి అవ్వ మనవరాలు మన ఇంటికి రావాలి అందట.

"ఇంకో మార్పు రాసుకోమ్మా. మేనమామ పేరు తియ్యి. ఆ చోటు ఖాళీగా వదలొద్దు. అమ్మమ్మ శ్రీమతి యల్లమ్మ గారి ఆశీస్సులతో అని వెయ్యి. ఆమె పేరు కార్డులో ఎక్కడా లేదు, నేను వెతికాను."

లేదు, నిజమే. భర్త పోయిన ఆడవాళ్ళ పేరు శుభకార్యాల కార్డుల్లో వేయకపోవడం మా వైపు అలవాటు. ఎన్నో వందల కార్డుల్లో అలా వదిలేశాను, ఒక్కసారి కూడా నాకు తోచలేదు.

ఈసారి ప్రూఫు గోపాలప్పకు ఇవ్వలేదు. అవ్వను ప్రెస్సుకు పిలిపించి, కుర్చీ వేసి, పైకి చదవమన్నాను. వేలు కింద పెట్టి ఒక్కో పేరూ చదివింది. గోపాలప్ప, లలితమ్మ, శాంతి, మా ఆయన చుట్టూ నిలబడి విన్నారు. తన పేరు దగ్గర ఆగిపోయింది.

"ఇది యాలమ్మా? నేను బొట్టు తీసినదాన్ని."

"అయ్యోరు వెయ్యమన్నారవ్వా. కొట్టేస్తే ఆయన మళ్ళీ ఎర్ర సిరాతో రాస్తాడు" అన్నాను.

లలితమ్మ తల్లి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. అవ్వ విసుక్కుంటూ, "చాల్లేవే, కాగితం తడుస్తుంది" అని ప్రూఫును పక్కకు జరిపి, గుండ్రటి తెలుగు అక్షరాలతో సంతకం పెట్టింది. మా ప్రెస్సులో ప్రూఫు మీద పడిన మొదటి తెలుగు సంతకం అదే అనుకుంటాను. పాత కార్డులన్నీ కటింగ్ మెషీను కిందికి పోయాయి. నమూనాల ఆల్బంలో పెట్టుకోవడానికి ఒకటి మాత్రం ఉంచుకున్నాను, నా తప్పు నాకు గుర్తుండాలని.

పెళ్ళి కృష్ణగిరిలో వైభవంగా జరిగింది. పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి మేనమామ మోసుకురావాలి. గోపాలప్ప దాయాదులు ఇద్దరు మోశారు, అవ్వ గంప అంచు పట్టుకుని పక్కన నడిచింది. అనసూయమ్మ ఎదురొచ్చి రెండో పక్క పట్టుకుంది. పులిహోర ఇంకొంచెం కారంగా ఉంటే ఆ పెళ్ళికి వంక పెట్టడానికి ఏమీ ఉండేది కాదు.

అప్పటి నుంచి మా ప్రెస్సులో ఒక నియమం పెట్టాను. ఆ భాష చదవగలిగిన మనిషి ఇంట్లో నుంచి వచ్చి పైకి చదివితే తప్ప ప్రూఫు మీద సంతకం తీసుకోను. ఎవరూ లేకపోతే నేనే చదివి వినిపిస్తాను. పాత జాబితా ఎంత బాగున్నా ఒక్కో పేరూ అడిగి కనుక్కుని వేస్తాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ, ఇంకో ప్రెస్సుకు పోయి మళ్ళీ నా దగ్గరికే వస్తారు.

పెళ్ళయిన నెలకు యల్లమ్మవ్వ ఒక్కతే వచ్చింది.

"జయమ్మా, పాప కార్డు ఒకటి మిగిలి ఉండాదా? వాడికి పంపాల."

నాకు విషయం అర్థమైందనుకుని లోపలికి వెళ్ళి ఆల్బం తెచ్చాను. ఆ పేరున్న పాత కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాను. తల్లి మనసు కదా, ఇదే అడుగుతోంది అనుకున్నాను.

ఆమె దాన్ని చూసి తల అడ్డంగా ఊపింది. "ఇది వద్దు. వాడి పేరు లేనిది ఇవ్వు."

"యాలవ్వా?"

"నేను అడిగితే జవాబు లేదు కదా. వాడికి తెలుగు అచ్చరాలు నేర్పించింది నేనే, ఇదన్నా చదవనీ. అక్క పేరు ఉంటుంది, బావ పేరు ఉంటుంది, ముసలిదాని పేరు కూడా ఉంటుంది. తన పేరు వెతుకుతాడు. వెతకనీ."

కొత్త కార్డు తెచ్చి కవరులో పెట్టాను. పైన జైలు అడ్రసు ఇంగ్లీషులో నేను రాశాను. పంపేవారి పేరు ఆమె తెలుగులో రాసుకుంది, ఆ గుండ్రటి అక్షరాలతోనే. కవరు అంటించే ముందు కార్డును ఇంకోసారి బయటికి తీసి, మొదటి నుంచి చివరి దాకా, కొడుకు చదవబోయే తీరుగా, పెదవులు కదుపుతూ చదువుకుంది. ఎన్నో ఏళ్ళుగా నేను కార్డుల్లో పేర్లు వేస్తూనే ఉన్నాను. వేయని పేరును కూడా ఒక మనిషి చదవగలడని ఆ రోజు ఆమె పక్కన నిలబడి తెలుసుకున్నాను.